మూడో పేజీ ఎక్కడ?

జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. మా గూడేల్లో అది దుక్కి దున్ని విత్తనం సర్దుకునే కాలం. ఆ పనుల మధ్యే ఒక తల్లి తన ఆరేళ్ల పిల్లకు తల దువ్వి, చేయి పట్టుకుని బడికి తీసుకొస్తుంది. అక్కడ ఆధార్ అడుగుతారు. పుట్టిన తేదీ అడుగుతారు. పిల్ల ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టిందని తల్లికి తెలుసు, తేదీ తెలియదు. సారు తనకు తోచిన తేదీ రాసుకుంటాడు. పేరు అడుగుతారు. తల్లి చెప్పిన పేరుకు సారు నోరు తిరగదు. ఆయన తనకు వచ్చిన పేరు రాసుకుంటాడు. బడిలో కాలు పెట్టిన మొదటి గంటలోనే మా పిల్లకు కొత్త పుట్టినరోజు, కొత్త పేరు వచ్చేస్తాయి. ఇక మిగిలింది నోరు. దాన్ని మూయించడానికి ఒక ఏడాది పడుతుంది.

ఈ మాట కోపంతోనే అంటున్నాం. ఈ పుస్తకంలో రాస్తున్న మేమంతా ఆ మొదటి ఏడాది దాటి వచ్చినవాళ్లం. మాతో పాటు ఒకటో తరగతిలో నేల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది దాటలేదు. వాళ్లు మాకంటే తెలివి తక్కువవాళ్లు కారు. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికి పనికొస్తుందో, ఏ పుట్ట పక్కన ఏ దుంప దొరుకుతుందో ఇవాళ్టికీ మాకంటే వాళ్లకే బాగా తెలుసు. అయినా రిజిస్టర్లో వాళ్ల పేరు ఎదురుగా 'డ్రాపవుట్' అని రాసి ఉంటుంది. బడి మానేసినవాళ్లని అర్థం. మేం ఆ మాట ఒప్పుకోం. బడే వాళ్లను మొదటి ఏడాదిలో వదిలేసింది. వాళ్లు బడిని వదలడానికి ఆ తర్వాత మూడు నాలుగేళ్లు పట్టింది, అంతే తేడా.

మాలో ఒకరి సంగతి చెబుతాం. ఒకటో తరగతిలో ఒంటికి వెళ్లాలని అడగడానికి అతనికి తెలుగు మాట రాలేదు. గోండిలో అడిగాడు. సారుకు అర్థం కాలేదు. కూర్చో అని చేత్తో సైగ చేశాడు. కూర్చున్నచోటే నిక్కరు తడిసింది. తరగతంతా నవ్వింది, సారూ నవ్వాడు. ఆ సారు చెడ్డవాడు కాదు. వానాకాలంలో మోకాలి లోతు వాగు దాటి బడికొచ్చే మనిషి. కానీ మరుసటి రోజు నుంచి ఆ పిల్లాడు పొద్దున లేచింది మొదలు నీళ్లు తాగడం మానేశాడు. ఆ పిల్లాడే ఇప్పుడు టీచరు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ తల వంచుకుంటాడు.

మాకు బడి అక్షరం కంటే ముందు సిగ్గు నేర్పింది. అది ఎంత గట్టిగా నేర్పిందంటే, మాలో చాలామంది బస్సులో, ఆసుపత్రిలో, ఆఫీసు వరండాలో అమ్మతో మన భాషలో మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గించేవాళ్లం.

బడిలో ఆ ఏడాది ఏం జరుగుతుందో ఇంకొంచెం దగ్గరగా చూడండి. సారు పలక మీద 'ఏరు' అని రాస్తాడు. గోండిలో 'ఏర్' అంటే నీళ్లు. మా పిల్లకు కుండలో నీళ్లు గుర్తొస్తాయి. సారు వాగు బొమ్మ చూపించి 'ఏరు' అంటాడు. సారు 'నారు' అని రాస్తాడు. మా 'నార్' అంటే ఊరు. సారు చెప్పేది మడిలో పోసే వరినారు. లెక్కల గంటలో ఒక వేలు చూపించి ఎన్ని అని అడుగుతాడు. పిల్ల 'ఉండి' అంటుంది. గోండిలో ఒకటి అని. జవాబు సరైనదే. సారుకు మాత్రం తెలుగు 'ఉండి' వినిపిస్తుంది. ఎక్కడ ఉండి, ఎవరు ఉండి? తప్పు అంటాడు. పిల్లకు ఒకటి తెలుసు. ఇంటి దగ్గర మందలో ఎన్ని మేకలున్నాయో, సాయంత్రం ఏది తిరిగి రాలేదో కూడా తెలుసు. అయినా ఆ రోజు నుంచి తనకు లెక్కలు రావని నమ్మడం మొదలుపెడుతుంది.

ఆ సారుకు మా అంకెలు తెలిసి ఉంటే ఏమయ్యేదో కూడా చూడండి. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. రండ్ పక్కన రెండు, మూండ్ పక్కన మూడు, నాలుంగ్ పక్కన నాలుగు. అక్కాచెల్లెళ్ల మాదిరి నిలబడే మాటలు. గోండి, కోయ, కొలామి, కువి, కొండ భాషలు తెలుగుకు చుట్టాలే, అన్నీ ద్రావిడ భాషలే. ఆ చుట్టరికం తెలిసిన టీచరు ఒక్క పూటలో ఆ పిల్లకు తెలుగు అంకెలు ఇచ్చేవాడు, పిల్లకున్న అంకెలు గుంజుకోకుండానే ఇచ్చేవాడు. సవర పిల్లల కష్టం ఇంకా పెద్దది. సవర ముండా కుటుంబం భాష, దానికి తెలుగుతో ఆ చుట్టరికం కూడా లేదు. సీతంపేట కొండల్లో ఒకటో తరగతిలో కూర్చున్న సవర పిల్లకు తెలుగు పుస్తకం ఎంత దూరమో తెలుగు పిల్లకు తమిళ పుస్తకం కూడా అంత దూరం కాదు.

ఇప్పుడు ఇంకో మెట్టు పెరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడి పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు రాని పిల్లకు తెలుగు పేజీ ఆసరాగా ఉంటుందని అలా వేశారు. మంచి ఆలోచనే. తెలుగు ఇంటి పిల్లకు అది ఆసరాయే. మా పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఒక తెలియని మాటను ఇంకో తెలియని మాటతో వివరిస్తే ఏం తెలుస్తుంది? మా ప్రశ్న ఒక్కటే. మూడో పేజీ ఎక్కడ?

మేం ఇంగ్లీషు వద్దనడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మాతృభాష అనగానే 'మిమ్మల్ని అడవిలోనే ఉంచాలని చూస్తున్నారు' అని మా తమ్ముళ్లే మమ్మల్ని అనుమానిస్తారు. ఆ అనుమానానికి కారణం ఉంది. మా భాష గొప్పదని సభల్లో పొగిడే పెద్దమనుషులు వాళ్ల పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో మాకూ తెలుసు. మా పిల్లలకు ఇంగ్లీషు కావాలి, తెలుగు కావాలి. రెండూ బాగా రావాలి. అందుకే అడుగుతున్నాం. చదవడం అంటే ఏమిటో పిల్లకు ఒకసారి తెలియాలి. గీతల్లో నుంచి మాట లేచి వస్తుందన్న సంగతి ఆమెకు ఒక్కసారి అర్థం కావాలి. అది తనకు వచ్చిన భాషలోనే అర్థమవుతుంది. ఒక భాషలో చదవడం వచ్చినవాళ్లు రెండో భాషలోకి, మూడో భాషలోకి నడిచి వెళ్లగలరు. ఏ భాషలోనూ అర్థంతో చదవనివాళ్లు పలక మీద గీతలు దిద్దుతూ అయిదేళ్లు గడుపుతారు. అలాంటి అయిదో తరగతి పిల్లల్ని మేమూ చూశాం, మీరూ చూశారు.

ఇదేదో కొత్త కోరిక కాదు. ప్రతి ఆగస్టు 29న మా ఏజెన్సీ బడుల్లో కూడా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు ఫొటోకు దండ వేస్తారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడాడని చెబుతారు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నాడని, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టాడని, సవరలో వాచకాలు తయారుచేశాడని, ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయిందని ఎంతమంది చెబుతారు? తెలుగు పిల్లవాడి నోట్లో ఉన్న మాటే పుస్తకంలో ఉండాలన్న ఆ మనిషి, సవర పిల్లవాడికీ అదే న్యాయం చేశాడు. ఆయన పండుగను సవర పిల్లల చేత తెలుగు పద్యాలు వల్లె వేయించి చేస్తున్నారు.

నిజాం కాలంలో, కొమురం భీం జోడెఘాట్ పోరాటం తర్వాత, హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. గోండు పిల్లకు గోండు పంతులు గోండిలో చదువు చెప్పాడు. తర్వాతి రోజుల్లో ఆ పని ఆగిపోయింది. మళ్లీ ఇరవై ఏళ్ల కిందట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, లంబాడీ అనే ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టారు. పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు. రాసినవాళ్లలో మా టీచర్లున్నారు. వాటిలో మా పండుగలు, మా కథలు, మా అడవి ఉన్నాయి. అది కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై ప్రయోగంగానే మిగిలింది. అంటే మూడో పేజీ ఎలా రాయాలో తెలియక కాదు ఆగింది. మూడుసార్లు రాయడం మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశారు.

ఫలితం కనబడుతూనే ఉంది. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం, ఆదివాసుల్లో 49 శాతం. ఈ తేడాకు తిండి, జ్వరాలు, దారులు, పేదరికం అన్నీ కారణమే. మేం కాదనం. కానీ దారులు వేసిన చోట కూడా, ఆశ్రమ పాఠశాల కట్టిన చోట కూడా పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదో అడిగినవాళ్లు తక్కువ.

మాకు ఎప్పుడూ చెప్పే సాకులు కొన్ని ఉన్నాయి. మీకు లిపి లేదంటారు. ఇంగ్లీషుకు సొంత లిపి ఉందా? అది రోమన్ల లిపి. హిందీ, మరాఠీ ఒకే లిపిలో రాసుకుంటాయి. మా మాటలు తెలుగు లిపిలో రాసినా మా మాటలే. పైగా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి సాకు ఇక చెల్లదు. ఒకే బడిలో నాలుగు భాషల పిల్లలుంటే ఎలా అంటారు. కొన్నిచోట్ల నిజమే. అక్కడ గూడెం నుంచి చదువుకున్న పిల్లనో పిల్లాణ్నో ఒకటో తరగతికి సాయంగా పెట్టండి. అయినా మా గూడేల్లో చాలావాటిలో ఒకే తెగ, ఒకే భాష ఉంది. అక్కడ ఎందుకు చేయలేదు? పిల్లలు త్వరగా భాష పట్టుకుంటారంటారు. పట్టుకుంటారు, తోటి పిల్లలతో ఆడుకుంటూ పట్టుకుంటారు. గూడెంలో తెలుగు మాట్లాడేది సారు ఒక్కడే. ఆయన కూడా సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు.

ఇక చట్టం సంగతి. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ చెబుతోంది. వీలైనంత మేరకు పిల్ల మాతృభాషలోనే బోధన ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. 'వీలైనంత మేరకు' అన్న ఆ రెండు మాటల వెనక ప్రభుత్వాలు ఇన్నేళ్లు దాక్కున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. దాన్ని అందరూ ఉద్యోగాల గొడవగా చూశారు. మాకు అది ఒకటో తరగతి గొడవ. గూడెంలో పుట్టిన టీచరు ఉన్న చోట ఆ నిక్కరు తడిసేది కాదు.

ఆ తీర్పు నూరు శాతం రిజర్వేషన్ గురించి. ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచరుకు ఆ పిల్లల భాష వచ్చి ఉండాలని అర్హత పెట్టడం వేరే సంగతి. తమిళం రాని మనిషిని తమిళ పిల్లలకు ఒకటో తరగతి చెప్పమని ఎవరూ పంపరు. కోయ రాని మనిషిని కోయ పిల్లల దగ్గరికి ఎందుకు పంపుతారు? భాష పరీక్ష పెట్టండి, ఎవరు నెగ్గితే వాళ్లను తీసుకోండి. మా పిల్లలు నెగ్గుతారన్న నమ్మకం మాకుంది.

ఇది ప్రభుత్వాన్ని అడిగేది. అది చేసే దాకా వచ్చే జూన్ ఆగదు. అందుకని ముందు తల్లిదండ్రుల దాకా చేరాల్సిన నాలుగు మాటలు చెబుతాం. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు గూడెంలో మన భాషలో ఇవి చెప్పాలి.

పుట్టిన కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం చట్ట ప్రకారం కుదరదు. కాగితం తర్వాత తేవచ్చు. పేరు రాసేటప్పుడు పక్కనే నిలబడండి. ఇంట్లో పిలిచే పేరే, ఇంటిపేరుతో సహా, సరిగ్గా రాయించండి. రాసింది చదివించుకోండి. తర్వాత కుల ధ్రువపత్రానికి ఆ ఒక్క అక్షరం తేడా కోసమే మండల ఆఫీసు చుట్టూ తిరిగిన తండ్రులున్నారు. మొదటి నెల పిల్ల ఏడుస్తుంది. తర్వాత కొన్ని నెలలు బడిలో నోరు మెదపదు. అది మొద్దుతనం కాదు, వింటూ ఉంటుంది. ఆ మౌనం చూసి మేకల వెంట పంపకండి. కొట్టినా, తిట్టి అవమానించినా చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి అడిగే చోటు బడి యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. మీ బడి కమిటీలో ఎవరున్నారో, ఎవరి వేలిముద్ర ఎవరు వేయిస్తున్నారో అడగండి. పిల్లకు తెలుగు రావడానికి ఇంట్లో తెలుగు మాట్లాడమని సారు చెబితే వినకండి. వచ్చీరాని తెలుగులో పిల్లకు మీరేం కథ చెబుతారు? మీకు బాగా వచ్చిన భాషలో చెప్పండి. బలమైన మాట ఇంట్లో ఉంటేనే బడిలో ఇంకో మాట నిలుస్తుంది.

ఆరేళ్ల పిల్లను హాస్టల్లో వేయమని ఎవరైనా చెబితే, గూడెంలో బడి ఎందుకు మూశారని ఎదురు అడగండి. కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలని నిబంధన. పిల్లలు తక్కువున్నారని బడి ఎత్తేసి, ఆ పిల్లల్నే తీసుకెళ్లి రాత్రి అమ్మ లేని మంచం మీద పడుకోబెట్టడం చదువు చెప్పడం అనిపించుకోదు.

టీచర్లకు ఒక మాట. మీలో మాకు అన్నం పెట్టినవాళ్లున్నారు, మేం జ్వరంతో పడుకుంటే మోసుకెళ్లినవాళ్లున్నారు. మీ మీద మాకు పగ లేదు. మీరు మా భాషలో పండితులు కానక్కర్లేదు. ఆకలి, దాహం, ఒంటికి, నొప్పి, భయం, రా, కూర్చో, బాగుంది. ఇలాంటి వంద మాటలు మొదటి నెలలో పిల్లల దగ్గరే నేర్చుకోండి. మీరు తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ రోజు మీరు విద్యార్థి, వాళ్లు పంతుళ్లు. తప్పు పలికినా ఎవరూ కొట్టరని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. మొదటి మూడు నెలలు పుస్తకం పక్కన పెట్టి మాట్లాడించండి, పాడించండి, గింజలు లెక్కపెట్టించండి. వారానికి ఒక పూట గూడెంలో ముసలమ్మను పిలిచి కథ చెప్పించండి. పిల్లలు చెప్పిన మాటనే తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాయండి. విజ్జ పండుగ నాడు, దండారి రోజుల్లో పిల్లలు రాలేదని గైర్హాజరు వేసే ముందు, సంక్రాంతికి బడి ఎందుకు మూస్తారో ఒకసారి ఆలోచించండి.

చివరిగా మనలో మనం. పరాయివాళ్లను తిట్టడం తేలిక. ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న మనలో ఎంతమంది ఇళ్లల్లో మన భాష వినబడుతోంది? సెలవులకు ఊరొచ్చిన మన పిల్లలు నానమ్మ మాట అర్థం కాక మన మొహం చూస్తున్నారు. మనమే మధ్యలో నిలబడి తెలుగులోకి తర్జుమా చేస్తున్నాం. బడి మన నోరు మూయించిందని రాస్తున్న మనం, మన ఇంట్లో ఆ పని మనమే పూర్తిచేస్తున్నాం. మనలో టీచర్లయినవాళ్లు కూడా కొందరు తరగతి గదిలో మన పిల్లలతో మన భాష మాట్లాడరు, ఇన్‌స్పెక్షన్‌లో మాట వస్తుందేమోనని. వచ్చే మాటను పడదాం. అంతకంటే పెద్ద మాటలు చిన్నప్పుడే పడ్డాం.

మూడో పేజీ పైనుంచి అచ్చయి వచ్చే దాకా కాచుకు కూర్చోవద్దు. గూడెంలో పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరూ ఈ వేసవిలో ఒక నోట్‌బుక్కు తీసుకోండి. ఒక పాట, ఒక కథ, ఇరవై మాటలు, మన భాషలో, వచ్చిన లిపిలో రాయండి. రాసింది ముసలివాళ్లకు చదివి వినిపించి తప్పులు దిద్దించుకోండి. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ నోట్‌బుక్కు పట్టుకుని, ఆరేళ్ల పిల్ల చేయి పట్టుకుని బడికి వెళ్లండి. సారు పేరు అడిగితే పిల్లనే చెప్పనివ్వండి. ఆమె చెప్పిన పేరు ఆయన సరిగ్గా రాసే దాకా అక్కడి నుంచి కదలొద్దు.